చెరిపినా తిరిగొచ్చిన మెయిల్

దెయ్యాలూ గియ్యాలూ నేను నమ్మను. మా అమ్మ గుమ్మానికి నిమ్మకాయ కడితే, పులిహోరకి పనికొచ్చేది పాడు చేస్తున్నావేంటే అని ఏడిపించేదాన్ని. పద్దెనిమిదేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషిని. ఏదైనా తేడా వస్తే మిషన్లోనో మనిషిలోనో తప్పుందని వెతుకుతాను తప్ప దిష్టి తీయించుకోను. ఇది చెప్పాక మీరు నన్ను పిచ్చిదన్నా పర్లేదు. దొంగ అన్నా పర్లేదు, ఆ మాట నిజమే కాబట్టి.

మేముండేది కలకత్తా వాట్‌గంజ్‌లో. మా తాత శ్రీకాకుళం నుంచి రేవు పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఓడల్లో సరుకు ఎక్కించి దించే ఒక కాంట్రాక్టరు ఆఫీసులో పని చేస్తున్నాను. పర్మినెంటు కాదు, ఏటేటా కాగితం తిరగరాయాలి.

ఆఫీసులో ఫిర్యాదైనా, సెలవైనా మెయిల్లోనే పెట్టాలని రూలు. కూలీల్లో సగం మందికి మెయిల్ అంటే ఏంటో తెలీదు. అందుకని వాళ్లందరికీ కలిపి ఒక మెయిల్ ఖాతా పెట్టి, దాన్ని నా నెత్తిన పడేశారు. వాళ్లు నా బల్ల పక్కన నిలబడి తెలుగులో చెప్తారు, నేను ఇంగ్లీషులో కొడతాను. అది మేనేజర్ మెయిల్ డబ్బాలోకి వెళ్తుంది. మేనేజర్‌ని మేమంతా బెంగాలీలో అన్నా అన్నట్టు దాదా అంటాం. దాదా తన మెయిల్ తను తెరవడు, అదీ నేనే చూడాలి. అంటే రాసేదీ నేనే, అందుకునేదీ నేనే. ఎంత గొప్ప ఏర్పాటో చూడండి!

గురువులు మావయ్య మా కూలీల ఇళ్ల లైన్లోనే ఉండేవాడు. సొంత మేనమామ కాదు గానీ చిన్నప్పట్నించీ మావయ్యే. క్రేను నడిపేవాడు. ఒకరోజు పొద్దున్నే వచ్చి, క్రేను వైరు పోగులు లేచిపోతున్నాయి, మార్చమని రాయమన్నాడు. రాసి, తెలుగులో చదివి వినిపించాను.

"నాను మందు ముట్టనని కూడా రాయమ్మా," అన్నాడు.

"వైరుకీ మందుకీ ఏటి సంబంధం మావయ్యా?" అని నవ్వాను.

"నీకు తెల్దు. రేపేదైనా అయితే ముందు ఆ మాటే అంతారు. మొక్కుకున్న కాడినుంచి సుక్క ముట్నేదు. రాయమ్మా."

నేను రాయలేదు. ఆఫీసు మెయిల్లో అలాంటివి బాగోవని చెప్పి పంపేశాను. ఆయన ఒక్క నిమిషం అక్కడే నిలబడి వెళ్లిపోయాడు.

మెయిల్ సంగతి దాదాకి చెప్పాను. "చూద్దాంలే" అన్నాడు. పన్నెండో రోజు వైరు తెగింది. మావయ్య అక్కడికక్కడే పోయాడు.

సాయంత్రానికల్లా ఆఫీసంతా ఒకటే పాట. తాగి ఎక్కాడట! దాదా నా బల్ల దగ్గరికొచ్చి, చుట్టూ చూసి, "ఓటా ఉడియే దావ్" అన్నాడు. ఆ మెయిల్ ఎగరగొట్టెయ్ అని. నా కాగితం తిరగరాసే నెల అదే, ఆ సంగతి కూడా గుర్తు చేశాడు.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. మా మెయిల్ ప్రోగ్రాంలో డిలీట్ నొక్కితే ఉత్తరం పోదు. దాని మీద అడ్డంగా ఒక గీత పడుతుంది, అంతే. సర్వర్లో అలాగే ఉంటుంది. కావాలంటే గీత తీసేసి మళ్లీ వాడుకోవచ్చు. గీత పడినవాటిని నిజంగా చెరిపేయాలంటే ఇంకో బటన్ నొక్కాలి. ఈ రెండో పని మా ఆఫీసులో ఎవరికీ తెలీదు. గీత పడగానే పోయిందనుకుంటారు. తెలిసింది నాకొక్కదానికే.

నేను డిలీట్ నొక్కాను. దాదా గీత చూసి సంతోషంగా వెళ్లిపోయాడు. అక్కడితో ఆగి ఉంటే ఆ మెయిల్ అలాగే ఉండేది. నేను ఆగలేదు. పంపినవాటిలో ఉన్నదాన్నీ, దాదా డబ్బాలో ఉన్నదాన్నీ రెండో బటన్ కూడా నొక్కి చెరిపేశాను. పని తెలిసిన మనిషిని కదా!

మర్నాడు పదకొండు గంటలకి అది దాదా డబ్బాలో పైన కూర్చుంది. చదవని మెయిల్లా, నల్లటి అక్షరాల్లో.

భయపడలేదు. ఇంకో కంప్యూటర్ ఏదో పాత కాపీ దాచుకుని మళ్లీ సర్వర్లోకి ఎక్కించి ఉంటుందనుకున్నాను. అలా జరుగుతుంది. దాదా ఫోన్లోంచీ, గోడౌను కంప్యూటర్లోంచీ ఆ ఖాతా తీయించేశాను. మళ్లీ చెరిపాను. మర్నాడు పదకొండుకి మళ్లీ వచ్చింది. సర్వర్ చూసే కంపెనీకి ఫోన్ చేస్తే, మీరు చెరిపినట్టే ఉంది మేడం, ఆ తర్వాత ఏదీ వచ్చినట్టు లేదు అన్నాడు అక్కడి మనిషి. నా కళ్ల ముందు ఉందయ్యా అంటే, మాకు కనపడట్లేదన్నాడు.

ఆరోజు మొదటిసారి దాన్ని తెరిచాను. నేను రాసిన ఇంగ్లీషు అలాగే ఉంది. కింద ఇంకో లైను ఉంది, తెలుగు అక్షరాల్లో.

"నాను మందు ముట్టను. మా లైన్లో ఎవుల్ని అడిగినా సెప్తారు."

నా కంప్యూటర్లో తెలుగు కొట్టే ఏర్పాటు లేదు. మావయ్య వేలిముద్ర మనిషి. ఆఫీసులో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే, మా అమ్మ కొట్టి నేర్పింది.

ఫోన్ పక్కనే ఉంది, ఫోటో తీయొచ్చు. ప్రింటర్ వెనకే ఉంది. ఏదీ చేయలేదు. గీత పెట్టాను, రెండో బటన్ నొక్కాను. నాలుగో రోజు కూడా వచ్చింది, ఆ లైనుతోనే. అదీ చెరిపాను.

ఐదో రోజు విచారణ. పదిన్నరకే మొదలుపెట్టారు. మావయ్య భార్య నూకాలత్త వచ్చింది. ఆమె అడిగింది ఒక్కటే, తాగి చచ్చాడన్న మాట ఆయన పేరు మీద ఉండకూడదని. నావైపు తిరిగి, "పిల్లా, మీ మావ సెప్తే నువ్వే కదే రాసినావు? ఆ కాయితం సూపించు," అంది.

దాదా పెన్ను తిప్పుతూ నన్నే చూస్తున్నాడు. "అలాంటిదేమీ లేదత్తా," అన్నాను.

ఆమె మళ్లీ అడగకుండా లేచి బయటికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. విచారణ కాగితంలో తాగి ఎక్కాడనే రాశారు. నా కాగితం మాత్రం తిరగరాశారు.

బల్ల దగ్గరికి వచ్చేసరికి పదకొండు దాటింది. సిగ్గు లేకుండా డబ్బా తెరిచాను. ఈసారి వస్తే ప్రింటు తీసి పరిగెత్తుకెళ్లి ఇచ్చేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. రాలేదు.

రెండేళ్లయింది. ఇప్పటికీ పదకొండుకి ఏ పనిలో ఉన్నా ఆ డబ్బా తెరుస్తాను. నూకాలత్త లైన్లో ఎదురైతే మొహం తిప్పుకుని వెళ్లిపోతుంది.

చెరిపిన మెయిల్ తిరిగి రావడానికి సవాలక్ష కారణాలుంటాయి, వాటిలో ఏదో ఒకటి అయ్యుంటుంది. కానీ ఆ తెలుగు లైనుకి ఏ కారణమూ దొరకలేదు నాకు. మావయ్య నన్ను అడిగింది ఆ ఒక్క ముక్కే. అది నేను రాయలేదు. ఎవరు రాశారో తెలీదు. ఆ లైను చూసి కూడా చెరిపింది మాత్రం నేనే, రెండుసార్లు.