కస్టమర్ బాబాయ్ ఫోను

ముందే ఒప్పేసుకుంటాను. కాలు విరిగి నేల మీద పడున్న మనిషికి, "మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నాం, అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని చక్కటి స్పానిష్‌లో చెప్పి ఫోన్ పెట్టేసిన ఘనుణ్ని నేనే.

ఆ మనిషి మా కస్టమర్ బాబాయ్. ఇరవై రెండేళ్లు సరుకు ఓడల్లో గుమాస్తాగా తిరిగి స్పానిష్ పట్టేశాడు. పరాయి భాష వస్తే షిప్పింగ్ ఆఫీసుల్లో ఉద్యోగాలొస్తాయని యూనివర్సిటీ మాకో కోర్సు పెట్టి, ఆయనకు విచిత్రమైన కొలువిచ్చింది. పదింటి నుంచి ఒంటిగంట దాకా మేం ల్యాబ్‌లోంచి వరసగా ఫోన్ చేస్తాం. ఆయన తన గదిలో కూర్చుని కోపిష్టి కస్టమర్‌లా మా మీద విరుచుకుపడాలి. పెట్టె తడిసిందంటాడు, మీ మేనేజర్ని పిలవమంటాడు. మేం తడబడకుండా చల్లార్చాలి. మార్కులు వేసేదీ ఆయనే.

ఆయనది మేడమీద ఒంటిగది. భార్య పోయి ఆరేళ్లు. స్టవ్ మీద ఒకే గిన్నె, తాడు మీద ఒకే చొక్కా. పది కాకముందే తల దువ్వుకుని, ఎవరో చూడబోతున్నట్టు ఫోన్ ముందు కూర్చునేవాడు. ఒంటిగంట దాటితే మళ్లీ మర్నాటి దాకా నోరు విప్పే పని ఉండదు. అందుకేనేమో, తిట్టి తిట్టి మధ్యలో ఆగి, మన భాషలో "ఏమైనా తిన్నావా నాయనా?" అనేవాడు. మేం అది ఉచ్చనుకునేవాళ్లం. మన భాషలో నోరు జారితే రెండు మార్కులు కోత మరి. ఆర్నెల్లలో ఒక్కరూ జవాబివ్వలేదు.

ఆ రోజు బల్బు మార్చబోయి స్టూలు మీంచి పడ్డాడు. నా వంతు ఫోన్ మోగితే వైరు పట్టి లాగి, రిసీవర్ అందుకున్నాడు.

"కాలు విరిగినట్టుందిరా, ఎవర్నైనా పంపు," అన్నాడు మన భాషలోనే.

ఏం నటిస్తున్నాడ్రా అని మురిసిపోయి, నా స్పానిష్ పాఠం అప్పజెప్పాను. తర్వాతి ఫోన్ కోసం ఆయన పది నిమిషాలు నేల మీదే ఎదురుచూశాడు. నా తర్వాత ఫోన్ చేసిన అమ్మాయి మార్కులు గాలికొదిలేసి, "ఏమైంది బాబాయ్?" అని అడిగింది కాబట్టి బతికిపోయాడు.

ఆసుపత్రికెళ్లాను. కాలికి కట్టు, పక్కన ఖాళీ కుర్చీ. క్షమించమని గొణిగి, ఊరుకోలేక, నేను పెట్టేశాక ఇంకెవరికైనా ఫోన్ చెయ్యాల్సింది కదా అన్నాను.

"ఎవరికిరా? నాతో మాట్లాడేది మీ పాతికమందే. మీకు కావలసింది మార్కులు. నీకు పదికి తొమ్మిది వేశాలే, ఇక వెళ్లు."