ఖాళీ ఫోల్డరు

మా ఆఫీసు రాజమండ్రిలో. రొయ్యల చెరువుల గట్ల మీద బిగించే చిన్న పెట్టెలకు ప్రోగ్రాం రాస్తాం. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే పెట్టె రైతు ఫోనుకు మెసేజ్ పంపుతుంది, ఆయన నీళ్లను చిమ్మి గాలి కలిపే ఏరియేటర్లు వేసుకుంటారు. మెసేజ్ రాకపోతే రొయ్యలు ఊపిరాడక చస్తాయి.

ఆ వానాకాలం మా కోడ్‌ను ఎస్‌వీఎన్ నుంచి గిట్‌కు మార్చాం. కోడ్‌లో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో రెండూ రాసి దాచి ఉంచుతాయి. గిట్‌తో పని సులువు. మార్చే బాధ్యత నాది. పాతదానిలోని ప్రతి ఫైలునూ కొత్తదానిలోని ఫైలుతో పోల్చాను. ఒక్క తేడా రాలేదు. మళ్లీ పోల్చబోతుంటే సీనియర్ మేడం నవ్వారు. "పెళ్లి సామాను అప్పజెప్తున్నట్టు ఎన్నిసార్లు సరిచూస్తావయ్యా, పంపెయ్!" పెట్టెలన్నిటికీ ప్రోగ్రాం గిట్ నుంచే వెళ్లింది.

తర్వాత ముసురు పట్టింది. ఎండ లేకపోతే చెరువులో ఆక్సిజన్ పగలు కూడా పడిపోతుంది. సెన్సర్ శుభ్రం చేయడానికి భీమవరం వైపు ఒక చెరువుకు వెళ్లాను. గట్టు ఎక్కగానే కొంగలు కనిపించాయి. అన్నీ ఒకే మూల చేరి, కదలకుండా నీళ్లనే చూస్తున్నాయి. ఏరియేటర్లు ఆగి ఉన్నాయి. రైతు షెడ్డులో కూర్చుని టీ తాగుతున్నారు.

"రండి బాబూ, టీ తాగుదురుగాని."

"ఏరియేటర్లు వెయ్యలేదేంటండి?"

"మీ మెసేజ్ రాలేదు కదండీ. ఊరికే తిప్పితే కరెంటు బిల్లు మీరు కడతారేంటి?"

నేను కొంగల వైపు చెయ్యి చూపించాను. ఆయన గ్లాసు వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా స్విచ్చుల దగ్గరికి పరిగెత్తారు. చక్రాలు నీళ్లను చిమ్మడం మొదలుపెట్టాయి. గట్టు వెంబడి రొయ్యలు మీసాలు పైకి పెట్టి తేలుతున్నాయి. కొన్ని అప్పటికే కదలడం లేదు.

పెట్టె తెరిచి ల్యాప్‌టాప్ తగిలించాను. ఆక్సిజన్ పడిపోయిందని సెన్సర్ పొద్దున్నే సరిగ్గా చెప్పింది. కానీ మెసేజ్‌ను ముందుగా ఒక ఫోల్డరులో రాయాలి, అక్కడినుంచి అది ఫోనుకు వెళ్తుంది. ఆ ఫోల్డరే లేదు. మెసేజ్ పుట్టేదాకా అది ఖాళీగానే ఉంటుంది. ఖాళీ ఫోల్డరును కూడా ఎస్‌వీఎన్ దాస్తుంది. గిట్ ఫైళ్లను మాత్రమే దాస్తుంది, ఫైలు లేని ఫోల్డరును వదిలేస్తుంది. నేను పోల్చిందీ ఫైళ్లనే.

రైతు మోకాళ్ల దాకా తడిసి వచ్చారు. జరిగింది చెప్పాను. తిట్టలేదు.

"సగం పోయినట్టే బాబూ. మునిగినయ్యి రేపు ఎర్రబడి తేలతాయి. బతికున్నవాటికి ఇవాళే వల వేయించి అమ్మేస్తాను." మబ్బు వైపు ఒకసారి చూశారు. "మీ పెట్టెలు అందరి చెరువుల మీదా ఉన్నాయి కదండీ?"

నేను ఫోను తీసి పక్క ఊరి రైతుకు చేశాను. వెంటనే ఎత్తారు.

"మెసేజా? ఏం రాలేదండీ. అంతా బానే ఉంది. కోడలికి చీర కొందామని తణుకొచ్చాం."

"ముందు చెరువు దగ్గరికి ఎవరినైనా పంపండి" అన్నాను.