మెడ దగ్గరి గుండీ

ఎత్తైన కట్టడాలు వంగినట్టు పడకుండా తీసే టిల్ట్-షిఫ్ట్ లెన్సులు నా దగ్గర రెండున్నాయి. ఏది ఎక్కువ స్పష్టంగా తీస్తుందో తేల్చుకుందామని, రైలు ఆలస్యమైన ఒక మధ్యాహ్నం కేసముద్రం ప్లాట్‌ఫాం మీద కెమెరా స్టాండు వేశాను. ఈ లెన్సుల బండారం ఫొటో మూలల్లోనే బయటపడుతుంది. గోడవారగా బెంచీ మీద కూర్చున్న పెద్దాయన పై మూలలోకి వచ్చేట్టు సరిచేసుకున్నాను.

"బాపూ, జర కదలకుండ కూసో," అన్నాను.

"ఫొటోనా నాయినా? ఆగు మరి."

నల్లా దగ్గరికి పోయి జుట్టు తడిపి దువ్వుకున్నాడు. మెడ దగ్గరి గుండీ కూడా పెట్టుకొని వచ్చి నిటారుగా కూర్చున్నాడు.

లెన్సులు మార్చి తీసి, ఆ మూలను పెద్దది చేసి చూశాను. ఒకదాంట్లో ఆయన చొక్కా అలికినట్టుంది. రెండోదాంట్లో భుజం మీది మాసిక కుట్లు లెక్కపెట్టొచ్చు. మురిసిపోయి ఆయనకే చూపించాను.

"కుట్టు మంచిగ పడ్డది. మా ఇంటామె ఏసింది," అన్నాడు. ఇంకాసేపు చూసి, "మరి నా మొఖమేది నాయినా?" అని అడిగాడు.

ఒక్క ఫొటోలోనూ లేదు. అన్నీ మెడ దగ్గరే తెగిపోయాయి.

"పోనీలే, నీకు గావాల్సింది దొర్కింది గద," అని తువాల తీసి ఆ భుజం మీద కప్పుకున్నాడు.

రైలు ఇంకా రాలేదు. ఒక్క ఫొటో తీయడానికి కావలసినంత టైముంది. కానీ లెన్సులు అప్పటికే సంచిలో సర్దేశాను.

ఏ లెన్సు మంచిదని ఎవరడిగినా ఇప్పటికీ ఆ ఫొటోనే చూపిస్తాను. పై మూలలో ఆయన పెట్టుకున్న గుండీ చాలా స్పష్టంగా కనిపిస్తుంది.