కాపీ ఉన్నదా, అవ్వా?

మా గంగాప్రసాదు రెండోది చేతిల లేనిదే మొదటిదాన్ని ముట్టుకోడు. దువ్వెన కానీయి, తాళం చెవి కానీయి, పెట్టెల ఉన్న పాస్‌పోర్టు కానీయి, "దీనికి కాపీ ఉన్నదా?" అని అడిగినంకనే ఆ మనిషి ఊపిరి తీస్తడు. ఆ పిచ్చితోని ఆయన గెలిచిన కొట్లాట ఒకటి నా కండ్ల ముందటనే అయింది. ఎట్ల గెలిచిండంటే, టీవీ రిమోట్ల బ్యాటరీలు పీకి అంగీ జేబుల ఏసుకొని.

గల్ఫు దేశంల, అల్ అమెరాత్‌ల మా అర్బాబుకు, అంటే మా అరబ్బు సేటుకు, చిన్న బిల్డింగుల కంపెనీ ఉండె. ఆయన పిల్లలను నేనే పెంచిన. వాళ్లకు మీసాలొచ్చినంక నన్ను తన కూలోల్ల మెస్సుకు వంటకు పెట్టిండు. చదివింది మూడో తరగతే అయినా, ఆ మెస్సుల ఈ సత్తవ్వ మాట దాటినోడు ఆ పూట పప్పు మీది నీళ్లే తాగిండు. గంగాప్రసాదు కంపెనీ స్టోర్‌కీపరు. పోచన్న తాపీమేస్త్రి. అందరం జగిత్యాల దిక్కోళ్లమే.

మా మెస్సుల ఒక రివాజు ఉండె. లీవు మీద ఊరికి పోయొచ్చినోడు సకినాల డబ్బాతోని పాటు ఒక వీడియో తేవాలె. తమ్ముని పెండ్లో, బిడ్డ పుట్టెంట్రుకలో, కొత్త బోరుల నీళ్లు పడ్డదో, ఏదైనా సరే. అవన్నీ ఒక నల్ల హార్డ్ డిస్కుల పోసి పెట్టేటోళ్లు. శుక్రవారం డ్యూటీ ఉండదు. అన్నాలు తిన్నంక ఆ డిస్కు టీవీకి తగిలించి, అందరు అందరి ఇండ్లు చూసేటోళ్లు. ఎవని బర్రె ఎట్లాంటి దూడను ఈనిందో నాకు ఇప్పటికీ యాదికున్నది.

పోచన్నది ఒక్కటే వీడియో, అది కూడ ఆయన తెచ్చింది కాదు. కాయిదాల తిరకాసుల పడి ఆయన శాన ఏండ్ల సంది ఊరు మొఖం చూడలే. ఇక్కడ ఇటుక మీద ఇటుక పెట్టి, అక్కడ ఇల్లు కట్టించిండు. గృహప్రవేశం ఆయన లేకుండనే అయింది. భార్య దేవవ్వ ఫొటోగ్రాఫరును ఎంటపెట్టుకొని అర్ర అర్ర తిరిగి చూపించి, లీవుకొచ్చినోని చేతికిచ్చి పంపింది. వాకిట్ల పోచన్న తల్లి కూసొని, "కొడుకా, దర్వాజ ఎత్తు పెట్టించిన. తల వంచకుంట రా" అంటది. పోచన్న తాటిచెట్టంత పొడుగు మరి. ఆ ఎండాకాలమే ముసలామె కాలం చేసింది. ఫొటోగ్రాఫరు దుకాణం ఎత్తేసి ఎటో పోయిండు. వీడియో మా డిస్కుల తప్ప ఇంకెక్కడ లేదు.

ప్రతి శుక్రవారం పోచన్న ఆ ఇంట్ల తిరుగుతడు. "ఇగో, తలుపు ఎనుకనే స్విచ్చు ఉంటది సూడున్రి" అని మాకు ముందుగాలనే చెప్తడు. వంటింటి కిటికీ కిందికి పెట్టిన్రని టీవీతోని పంచాయితి పెట్టుకుంటడు.

మన కొత్త రాష్ట్రం వచ్చిన మరుసటేడు పాత టీవీ కాలిపోయింది. అర్బాబు గోడంత కొత్త టీవీ పంపిండు. డిస్కు తగిలిస్తే బొమ్మ రాలే. తెర మీద ఇంగ్లీషుల ఏదో రాత వచ్చి, కింద రెండు గళ్లు మెరుస్తున్నయి. రిమోటు పోచన్న చేతిల ఉన్నది. సైట్ల ఎవరేం అడిగినా "యస్ సార్" అని అలవాటైన చెయ్యి అది.

"టీవీ ఏదో మర్యాదగ అడుగుతున్నది. సరే అంటే అయిపాయె" అని బొటనవేలు లేపిండు.

తానంల నుంచి సబ్బు నురుగుతోనే ఉరికొచ్చిండు గంగాప్రసాదు. "ఒత్తకు పోచన్నా! ఒత్తినవంటే నీ ఇల్లు కూలుతది!"

"నీ నోట్ల మన్ను పడ! ఏం మాట తమ్మీ అది?"

"డిస్కును ఫార్మాట్ చెయ్యాల్నా అని అడుగుతున్నది. ఊ అంటే లోపలిదంత ఊడ్చి పారేస్తది."

"నా ఇంటికి నేను పోనీకి నీ పర్మిషన్ కావాల్నా?"

"నీ ఇంటికి కాపీ ఉన్నదా?"

"నీకున్నదారా కాపీ? నీలాంటోన్ని ఇంకొకన్ని ఈ భూమి మోస్తదా?"

అందరు నవ్వుతుంటే గంగాప్రసాదు రిమోటు గుంజుకొని బ్యాటరీలు పీకి, దండెం మీది అంగీ తొడుక్కొని జేబుల ఏసుకున్నడు. డిస్కు కూడ ఊడబెరికి సంకల పెట్టుకున్నడు. పోచన్న గోడ గడియారం దిక్కు ఉరికిండు, దాని బ్యాటరీ తెద్దామని. గడియారం ఆగిపోయి ఉన్నది. దానిది కూడ అప్పటికే ఆ జేబులనే ఉన్నది.

"డిస్కు పీకినంక బ్యాటరీలెందుకురా?" అన్న.

"ఒక్క అడ్డం సాలదవ్వా. రెండుండాలె."

ఆ మనిషి అంతే. నేను పులుసు గిన్నె కడగబోతే, "ఇంకో గిన్నెల పోసినవా?" అని తొంగి చూస్తడు. అంగీ గుండీ ఊడకముందే దాని పక్కన ఇంకో గుండీ కుట్టుకుంటడు. పొద్దుగాల లేపనీకి ఒక అలారం, అది మోగిందా లేదా చూడనీకి ఇంకో అలారం. ఒకనాడు నాకు తిక్కరేగి, "మరి పెండ్లి ఒక్కటే చేసుకున్నవేందిరా?" అన్న. "కవితకు కాపీ లేదవ్వా. అందుకే ఫోన్ల అంత మెల్లగ మాట్లాడుత" అన్నడు.

మరునాడు డిస్కు పట్టుకొని సూకుల, అంటే అక్కడి బజార్ల ఉన్న ఇనాయత్ మొబైల్ దుకాణానికి పోయిండు. కొత్తిమీరకని నేనూ ఎంట పోయిన. ఇనాయత్ డిస్కును అటు ఇటు తిప్పి, "దో మినిట్‌కా కామ్ హై భాయ్" అన్నడు.

"ఊడ్వనీకి రెండు నిమిషాలు. మల్ల తేనీకి?" అని గంగాప్రసాదు డిస్కును కొంగుల బిడ్డను దాసినట్టు దాసుకొని బయటకొచ్చిండు.

తొవ్వల నాకు అర్థమయ్యేటట్టు చెప్పు అన్న. డిస్కుల సామాను సర్దే పద్ధతులు వేరువేరు ఉంటయట. మన డిస్కు సర్దుడు కొత్త టీవీకి తెలువదట. అది నాకు తెలువని ముచ్చటేం కాదు. నా వంటింట్లకు కొత్తోడొస్తే వానికి ఉప్పు దొరకది. డబ్బా ఉన్నది, డబ్బాల ఉప్పున్నది, వాని కండ్లకే కనపడది. సర్దుడు మార్చాలంటే ముందుగాల సామానంత ఇంకో ఇంట్ల పెట్టాలె, అర్రలు కాళీ చెయ్యాలె, కొత్త తీరుగ అరలు కొట్టాలె, మల్ల తెచ్చి పెట్టుకోవాలె. సామాను లోపలుండంగనే అరలు పీకుతనన్నది ఆ టీవీ. దాన్ని నా వంటింట్లకైతే రానియ్య.

గంగాప్రసాదుకు ఒక్క ఇల్లు సాలదు గదా. సామాను రెండిండ్లల పెట్టాలన్నడు. మా గోంగూర తొక్కుకని వచ్చే దవాఖాన నర్సు మణికుమారి తన డిస్కు ఇచ్చింది, సగం కాళీ ఉన్నదని. "ఇందులో మా చర్చి పాటలున్నాయండీ. ఒక్కటి పోయినా నేనూరుకోను" అన్నది.

"పాటలకు కాపీ ఉన్నదా సిస్టర్?"

లేదు. ఇంక సూడున్రి, స్టోరు ల్యాప్‌టాప్ తెచ్చి, ముందుగాల ఆమె పాటలకు కాపీ తీసి, ఒక్కొక్కటి పెట్టి చూసిండు. వారమంత డ్యూటీ దిగంగనే మెస్సుల ఏసు పాటలే. పోచన్న కూడ కూనిరాగం తీసుడు మొదలుపెట్టిండు. రెండో ఇల్లు ఏదిరా అంటే, "నాదొకటి ఉన్నదవ్వా" అన్నడు. అది ఆయన సినిమాల డిస్కు. చిన్నప్పటి సంది ఇష్టపడ్డ సినిమాలన్నీ ఏరి ఏరి దాచుకున్నడు. జాగ ఉన్నట్టుంది అనుకున్న.

కాపీ అయిందని ల్యాప్‌టాప్ చెప్తే నమ్మలే. రెండిండ్లల ఉన్న ఒక్కొక్క వీడియో తెరిచి, మొదలు చూసి, నడుమ చూసి, చివర చూసిండు. శుక్రవారం పొద్దుగాల అందరిని కూసోబెట్టి, పీట మీద పెండ్లికొడుకు తీరు కూసొని పాత డిస్కును ఊడ్సిండు. కొత్త సర్దుడు అయింది. ఒక్కొక్కల ఇల్లు లోపలికి పోవట్టింది. అందరియి పోయినయి. పోచన్నది పోలే.

"జాగ లేదా?" అన్నడు పోచన్న.

"జాగ మస్తున్నది. ఫైలు పెద్దది అంటున్నది."

ఫొటోగ్రాఫరు ఇల్లంత ఒక్కటే పెద్ద మూటగ కట్టిచ్చిండట. పోచన్న పోయి మెట్టు మీద తలకాయ పట్టుకొని కూసున్నడు. నేను చాయ్ ఇస్తే పట్టుకున్నడు గాని తాగలే. గంగాప్రసాదు పోయి పక్కన కూసున్నడు.

"అన్నా, నీ ఇల్లు రెండు చోట్ల పదిలంగ ఉన్నది. నేను పెట్టిన పద్ధతికే దర్వాజ పొట్టిగున్నది. ఎంత జాగ ఉన్నా నాలుగు జీబీల కంటె ఎత్తున్నది అందుల పట్టది. నీ ఇంటికి తల వంచుడు రాదు గదా. ఎత్తు దర్వాజ పద్ధతి ఇంకోటున్నది. మల్ల ఊడుస్త."

"మల్లనా?"

"వందసార్లు ఊడుస్త. కాపీ ఉన్నది."

మల్ల ఊడ్సిండు. మల్ల అందరి ఇండ్లు పోసిండు. ఈసారి పోచన్న ఇల్లు కూడ తల వంచకుంట లోపలికి పోయింది. టీవీకి తగిలించి, జేబుల నుంచి బ్యాటరీలు తీసి రిమోటు పోచన్న చేతికే ఇచ్చిండు.

గోడంత తెర మీద వాకిలి వచ్చింది. ముసలామె మనిషంత పెద్దగ కూసొని, "కొడుకా, దర్వాజ ఎత్తు పెట్టించిన" అన్నది. పోచన్న లేసి నిలబడ్డడు. ఆమె ముచ్చట అయినంక వంటిల్లు వచ్చింది. పోచన్న గొంతు సవరించుకొని, "కిటికీ ఇంక కిందికే ఉన్నది సూడున్రి" అన్నడు. మేం మనసారా నవ్వినం.

తర్వాత శానా శుక్రవారాలు పోయినయి. గంగాప్రసాదు ఒక్క సినిమా పెట్టుకోలే. ఒకనాడు ఉల్లిగడ్డ కోసుకుంట అడిగిన. "నీ సినిమాలేవిరా?"

"తీసేసినవ్వా. జాగ సాలలే."

"కాపీ ఉన్నదా?"

చెప్పులు చూసుకున్నడు. "లేదు."

నా కత్తిపీట ఆగింది. గుండీకి గుండీ దాసుకునేటోడు!

"సినిమాలు నాకు నోటికొచ్చవ్వా. ఆ ముసలామె గొంతు ఎవనికొస్తది?" అని, తట్టల ఉన్న ఉల్లిగడ్డలు ఇంకో తట్టలకు పోసుకుంట కూసున్నడు.

నా వీసా అయిపోయి, ఇంక సాలు ఇంటికి పోత అని పెట్టె సర్దుకున్న దినం, ఫోను పట్టుకొని వంటింట్లకు వచ్చిండు.

"అవ్వా, డిస్కుల అందరి ఇండ్లున్నయి. నువ్వే లేవు. నీకు కాపీ లేదు."

"నా మొఖం ఎవడు చూస్తడురా? ఏం మాట్లాడాలె నేను?"

"రోజు మమ్ముల ఎట్ల తిడ్తవో అట్ల తిట్టు. శుక్రవారం అన్నాలు తిన్నంక పెట్టుకుంటం."

కొంగు సర్దుకున్న. ప్లేటు కడగని పోచన్నతోని మొదలువెట్టి, చాయ్ గిలాసలు మంచం కింద దాసేటోళ్లను, ఉప్పు తక్కువైందని గునిసేటోళ్లను, ఒక్కొక్కన్ని పేరు పెట్టి, చివరికి రిమోటు బ్యాటరీలు సాలక గోడ గడియారాన్ని ఆపిన సచ్చినోని దాక కడుపునిండ తిట్టిన. ఆయాసమొచ్చి నీళ్లు తాగిన.

గంగాప్రసాదు ఫోను దించి, కండ్లు తుడుసుకొని, జేబుల నుంచి ఇంకో ఫోను తీసిండు.

"అవ్వా, ఇంకొక్కసారి తిట్టవా?"