వద్దన్న చేతులు

నేను సికింద్రాబాద్‌లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నప్పటి మాట. కాలేజీ నుంచి యాప్రాల్ వెళ్ళే సాయంత్రం బస్సు ఎత్తేశారు. ఆడపిల్లలం చీకటిపడ్డాక ఆటోలకోసం తిప్పలు పడుతున్నాం. దానిమీద చర్చిద్దామని మా విద్యార్థి సంఘం మీటింగ్ పెట్టింది. చర్చంటే మా అధ్యక్షుడు నవీనన్న మాట్లాడటం, మేం చప్పట్లు కొట్టడం. ఆ రోజూ బస్సు ఊసే లేదు. తాను ఏయే నాయకుల పక్కన నిలబడ్డాడో గంటసేపు ఊదరగొట్టి, చివరికి అన్నాడు:

"రేపు మన లీడర్ బర్త్‌డే. అందరం బేగంపేటకు బైక్ ర్యాలీ పోతున్నం. ఎవరికన్న అభ్యంతరముంటే చేతులు లేపుండ్రి."

గదిలో అందరం ఎత్తాం. ముందు వరుసలో ఉన్న నేనైతే రెండు చేతులూ ఎత్తాను. ఆ మహానుభావుడు చటుక్కున ఫోన్ తీసి ఫొటో కొట్టాడు. మేం మెట్లు దిగేలోపే "ర్యాలీకి అందరూ సై" అంటూ అది కాలేజీ గ్రూపులన్నిటిలో తిరుగుతోంది.

ఒళ్ళు మండి వెనక్కి వెళ్ళాను. "అన్నా, అవి వద్దన్న చేతులు గద!"

"ఫొటోల గట్ల కనిపిస్తలేదు గద చెల్లే. నువ్వు జెర నవ్వితే ఇంకా మంచిగొచ్చేది."

అతని చర్చల్లో మా అవసరం అంతవరకే, ఫొటో నిండాలి. ఇప్పుడెవరైనా చేతులెత్తమంటే, ముందు వాళ్ళ ఫోన్ ఎక్కడుందో చూస్తాను.

— ఒక పాఠకురాలు, కార్ఖానా