రెండు సెలవుల ఊరు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా మద్దులపేట ఒకటి ఉండేది. మ్యాపులో వెతకకండి, దొరకదు. శుక్రవారం మధ్యాహ్నం టైర్ల గోడౌన్ వెనక నీడలో నలభై మందిమి కూర్చుంటే అదే మా ఊరు.

కూర్చోబెట్టినవాడు హన్మాండ్లు. ఇరవయ్యేడేళ్లుగా వెల్డింగ్ షాపులో పని. సెలవు రోజున మాత్రం ప్లాస్టిక్ కుర్చీ వేసి అందరికీ క్షవరం చేసేవాడు. చేతిలో కత్తెర ఆడినంతసేపూ నోరు ఊరుకునేది కాదు. ఊళ్లో ఏ వాడకు ముందు కరెంటు వచ్చింది, ఎవరి తాత ఎవరితో ఎందుకు తగువు పడ్డాడు, అంతా ఆయనకు కంఠస్థం. ఆ సోది వినలేక నేను విసుక్కునేవాణ్ణి. కానీ ఎవరైనా రాకపోతే మాత్రం ఊరుకునేవాడు కాదు.

"ఆడెందుకు రాలే? పోయి సూసి రాండ్రి" అని మనిషిని తోలేవాడు.

కరోనా ఏడాదిలో కూడా మాలో ఎవరూ పలకరింపు లేకుండా పడి ఉండలేదు.

2022లో వారాంతం మారింది. కొన్ని కంపెనీలు సెలవును ఆదివారానికి జరిపాయి, కొన్ని శుక్రవారమే ఉంచాయి. హన్మాండ్లుకు ఆదివారం పడింది. ముదీర్‌ను, అంటే మేనేజర్‌ను, కాళ్లావేళ్లా పడి బతిమాలాడు. "కంపెనీ ఆర్డర్ భాయ్, ఖలాస్" అన్నాడు ముదీర్.

"శుక్రారం మందిని నువ్వు సూసుకో తమ్మీ" అని హన్మాండ్లు నాకు అప్పజెప్పాడు. నేను సరేనన్నాను.

మా నలభై మందిలో ఒకడైన రాజశేఖర్ వాళ్ల కంపెనీ సెలవును అటూ ఇటూ మారుస్తూ పోయింది. శుక్రవారం అతను కనబడకపోతే ఆదివారం హన్మాండ్లు దగ్గరికి పోతున్నాడనుకున్నాను. నా దగ్గరికి వస్తున్నాడని హన్మాండ్లు అనుకున్నాడు. రెండు నెలలు ఇలాగే గడిచాయి. ఎప్పుడైనా ఫోన్ చేస్తే "మంచిగనే ఉన్న" అనేవాడు. గుండెనొప్పి దాచుకుని డ్యూటీకి పోయి వస్తూ, ఒక బుధవారం గదిలో ఒంటరిగా చనిపోయాడు. శవపేటిక విమానం ఎక్కాక గానీ మాకు తెలియలేదు. అతని గది మాకు రెండు వీధుల అవతలే. సిగ్గుతో చచ్చిపోయాను.

మూడో రోజు అతని భార్య గౌరవ్వ హన్మాండ్లుకు ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను.

"అన్నా, ఊరోళ్లంత ఒక్కకాడనే ఉంటరు గద. ఆకరికి ఏమన్నడే? నా ముచ్చట తీసిండా?"

హన్మాండ్లు నా మొహంలోకి చూశాడు.

"తీసిండు చెల్లె" అన్నాడు. "నీ ముచ్చటే తీసిండు."

అవతల గౌరవ్వ చాలాసేపు ఏడ్చింది. తరువాత అంది:

"మీరన్నా ఆయన పక్కకున్నరు. గంతే సాలన్నా."