అది ఖాళీ స్థలం కాదు

విత్తనం రాలిపడేదాకా హాలు వెనక గడ్డి కోయబోమని ఏళ్ల కిందట అసోసియేషన్ తరఫున మాటిచ్చారు. ఆ మాట నమ్మిన మనిషి నిన్న పోయాడు.

స్వాతి ఫోన్ చేసి "అంకుల్, నాన్న పోయారు" అన్నప్పుడు ఇక్కడ టెక్సస్‌లో, ప్లేనో ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుతున్నాను.

ఆ తర్వాత కూడా ఏరుతూనే ఉన్నాను.

నరసింహం గడ్డిని చదువుకున్న మనిషి. యూనివర్సిటీలో రిటైరయ్యాక మన తెలుగు అసోసియేషన్ హాలు వెనక గడ్డినేలను పట్టుకున్నాడు. నాగలి తగలని పాత ప్రెయిరీ మైదానపు ముక్క అది. ఏటా నాలుగు కర్రల చట్రం నేల మీద పరిచి, మోకాళ్ల మీద కూర్చుని, అందులో ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్కపెట్టేవాడు.

మీరు "గడ్డి మాస్టారు" అని నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

వాన మొహం చాటేసిన ఏడాది, స్ప్రింక్లర్లు పెట్టినా మీ లాన్లు చాపల్లా ఎండాయి. ఆ ముక్క మాత్రం పచ్చగా నిలిచింది.

"ఒకటి ఎండకి ఓడిపోతే ఇంకోటి నిలబడుతుందిరా. ఇన్ని రకాలున్నాయి కాబట్టే బతికింది" అన్నాడు.

బతుకమ్మకి ఆడవాళ్లు పూలడిగితే కాదనలేదు. ఒక్కచోటే కోయకండమ్మా, అక్కడొకటి ఇక్కడొకటి తీసుకోండి అన్నాడు. వాళ్లు అలాగే చేశారు.

పండగకి రెండు రోజుల ముందు, కార్లకి చోటు చాలదని ప్రెసిడెంట్ గారు గడ్డి కోసే మోవర్ పెట్టించి మొత్తం కోయించారు. విత్తనం ఇంకా పచ్చిగానే ఉంది.

పూల పండగకి వచ్చి పూల మీద కార్లు పెట్టుకున్నాం.

నరసింహం వెళ్లి అడిగితే, "గడ్డే కదా సార్, మళ్లీ మొలుస్తుంది" అన్నారట.

మొలవలేదు. ఆపైన రెండేళ్లూ ఎండలు కాల్చేశాయి. విత్తనం లేని నేలలోకి లాన్లలో వేసే బెర్ముడా గడ్డి పాకింది. రెండు చేతుల వేళ్లు చాలనన్ని రకాలు ఒక చేతి వేళ్లకి దిగాయి. ఆ చట్రంలోంచి అతను ఏటా కోసి, ఎండబెట్టి తూచే గుప్పెడు గడ్డి కూడా ఏటేటా తేలికైంది.

అయినా వెళ్లడం మానలేదు. పోయిన వారం ఒక ఫోటో పంపాడు. ఓ మూల ఊదా పూల కాడలు రెండు. కింద మెసేజ్: "విత్తనం పట్టేదాకా ఎవరికీ చెప్పకు."

చెప్పేస్తున్నాను. క్షమించరా, నరసింహం.

ఎందుకంటే నిన్న గ్రూప్‌లో నీ సంతాప సభ మెసేజ్ వచ్చింది. శనివారం, హాల్లో. చివరి లైను: "పార్కింగ్ వెనక ఖాళీ స్థలంలో."

శనివారం పొద్దున్నే ఆ మూల కుర్చీ వేసుకుని కూర్చుంటాను. కారు పెట్టాలనుకున్నవాళ్లు ముందు నన్ను లేపండి.

నిశ్చింతగా పడుకో నరసింహం. నీకు శాంతి దొరకాలి.

నాకు శాంతి అక్కర్లేదు. ఆ రోజు మోవర్‌ని పిలిచిందీ, నిన్న ఆ లైను రాసిందీ ఒక్కడే, మన ప్రెసిడెంట్.

ప్రభాకర్.